పాటను న్యాయంగా వినడం, దాచుకోవడం, పంచుకోవడం ఎలా?

ఒక పాట మన ఫోన్‌లోకి చేరడానికి ఇప్పుడు చాలా దారులున్నాయి. వాటిలో కొన్ని సక్రమమైనవి, కొన్ని అక్రమమైనవి, మరెన్నో ఈ రెంటికీ మధ్యలో ఉన్నట్టు కనిపించేవి. ఏది ఎటువంటిదో తేల్చుకోవడానికి చాలామంది ధరను కొలతగా పెట్టుకుంటారు: డబ్బు కట్టి వింటే సక్రమం, ఉచితంగా వస్తే పైరసీ. ఈ కొలత మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉచితంగా, పూర్తి న్యాయంగా వినగలిగే సంగీతం కొల్లలుగా ఉంది. డబ్బు తీసుకుని మరీ దొంగ కాపీలు అమ్మే వెబ్‌సైట్లూ ఉన్నాయి. ఈ పాటను తయారుచేసినవాళ్లు, ఇది ఈ దారిలో నా దగ్గరికి రావడానికి ఒప్పుకున్నారా అని అడిగితే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతుక్కోవాలో, జవాబు దొరకనప్పుడు ఏం చేయాలో ఈ వ్యాసంలో చెబుతాను. కాపీరైట్ చట్టం దేశానికొక తీరుగా ఉంటుంది కనుక, వ్యవహారం వివాదం దాకా వెళ్తే మీ దేశంలోని న్యాయవాదిని సంప్రదించాలి.

ముందుగా పాట వెనక ఎవరున్నారో తెలుసుకోండి

రికార్డు చేసిన ప్రతి పాటలోనూ రెండు వేర్వేరు హక్కులుంటాయి. మొదటిది రచన మీది హక్కు. సాహిత్యం, బాణీ దీని కిందికి వస్తాయి. ఇది గేయ రచయితకు, స్వరకర్తకు, లేదా వాళ్లు హక్కులు రాసిచ్చిన ప్రచురణ సంస్థకు చెందుతుంది. రెండోది రికార్డింగ్ మీది హక్కు. ఒక గాయని పాడగా, వాద్యకారులు వాయించగా స్టూడియోలో నమోదైన ఆ శబ్దానికి సాధారణంగా నిర్మాతో, మ్యూజిక్ లేబులో హక్కుదారు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా 1961 నాటి రోమ్ ఒప్పందం కొన్ని హక్కులు కల్పించింది. ఒకే పాటను నలుగురు వేర్వేరుగా పాడి విడుదల చేస్తే రచన ఒకటే, రికార్డింగులు నాలుగు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ముందు ముందు వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం తేలికవుతుంది.

పాట రాసినవారు ప్రతిఫలం అడగడం డిజిటల్ యుగంలో మొదలైన సంగతి కాదు. 1847లో పారిస్‌లోని ఒక కెఫేలో తన రచనను వాయిస్తుండగా విన్న ఎర్నెస్ట్ బూర్జే, తన పాటకు వాళ్లు డబ్బివ్వనప్పుడు తాను తాగినదానికి మాత్రం ఎందుకివ్వాలని బిల్లు కట్టడానికి నిరాకరించారు. వ్యవహారం కోర్టుకెక్కింది, తీర్పు ఆయనకే అనుకూలంగా వచ్చింది, ఆ క్రమంలోనే 1851లో రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసి పంచే సాసెమ్ అనే సంఘం ఏర్పడింది. అటువంటి సంఘాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. ఒక పాట ఎవరిదో తెలుసుకోవడానికి వాటిలో పలు సంఘాలు తమ జాబితాలను ఆన్‌లైన్‌లో వెతకనిస్తాయి కూడా.

జాబితాల దాకా వెళ్లకుండానే తెలిసే మార్గాలూ ఉన్నాయి. స్ట్రీమింగ్ యాప్‌లలో పాట వివరాల్లో క్రెడిట్స్ అనే భాగం ఉంటుంది. ఆల్బమ్ పేజీ అడుగున వలయంలో ఇంగ్లీషు 'సీ' అక్షరం ఉన్న వరస ఒకటి, వలయంలో 'పీ' అక్షరం ఉన్న వరస ఇంకొకటి కనిపిస్తాయి. రెండో వరసలో ఉన్న పేరే రికార్డింగ్ హక్కుదారుది. అయితే ఈ గుర్తు ఎక్కడా కనిపించలేదు కాబట్టి హక్కులు లేవని అనుకోకూడదు. 1886లో మొదలై ఇప్పుడు ప్రపంచంలోని అత్యధిక దేశాలు పాటిస్తున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచన పుట్టగానే హక్కు పుడుతుంది. దానికి రిజిస్ట్రేషన్ గానీ, గుర్తు గానీ షరతు కావు.

మీ దగ్గరున్న ఫైలును తెరిచి చూడండి

దొంగ కాపీ స్వరూపం తెలియాలంటే ఒకదాన్ని దగ్గరగా చూడాలి. పాత హార్డ్ డిస్కులోనో, ఎవరో పంపిన ఫోల్డరులోనో ఉన్న ఎంపీ3 ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వివరాలు తెరవండి. పాట పేరు ఉండాల్సిన గడిలో పేరు చివర ఒక వెబ్‌సైట్ చిరునామా తగిలించి ఉంటుంది. ఆల్బమ్ గడిలో మళ్లీ అదే చిరునామా. ముఖచిత్రం మీద అడ్డంగా ఆ వెబ్‌సైట్ ముద్ర. గాయకుల గడిలో పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే అక్కడా చిరునామాయే. స్వరకర్త గడి ఖాళీగా ఉంటుంది, గేయ రచయిత పేరు వెతికినా దొరకదు. శబ్ద నాణ్యతను సూచించే బిట్ రేటు (సెకనుకు ఎన్ని కిలోబిట్ల సమాచారం ఉందన్న అంకె) 320 కేబీపీఎస్ అని కనిపించినా నమ్మలేం. 128లో ఉన్న ఫైలునే మళ్లీ 320కి మార్చి పెట్టి ఉండవచ్చు, అంకె పెరిగినంత మాత్రాన ఒకసారి పోయిన శబ్దం తిరిగి రాదు.

పైరసీలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేవి ఈ ఖాళీ గడులే. డబ్బు నష్టం ఎంత, ఎవరికి అన్నదాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు. పాట రాసిన మనిషి పేరు చెరిపేసి, దాన్ని ఎత్తుకొచ్చినవాడి పేరు రాయడాన్ని మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేం. తన రచనకు కర్తగా గుర్తింపు పొందే హక్కును బెర్న్ ఒప్పందంలో 1928లోనే చేర్చారు, ఆర్థిక హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా అది రచయితతోనే ఉంటుందని చెప్పారు. కాబట్టి మీరు చేయగల మొదటి పని పైసా ఖర్చు లేనిది: మీ దగ్గరున్న పాటల గడుల్లో వెబ్‌సైట్ చిరునామాలు తుడిచేసి, గాయకుల, స్వరకర్తల, గేయ రచయితల పేర్లు నింపండి. దీనివల్ల దొంగ కాపీ సక్రమమైపోదు. కానీ ఎవరికి ఏం బాకీ ఉన్నామో అప్పుడు కళ్లకు కనిపిస్తుంది.

సాకులను ఒక్కొక్కటిగా పరీక్షించండి

పైరసీ అంటే దొంగతనమే అనే నినాదం వినడానికి సూటిగా ఉంటుంది గానీ చట్టం అంత సూటిగా చెప్పదు. అనుమతి లేని రికార్డులు తయారుచేసి అమ్మిన వ్యవహారంలో 1985లో తీర్పు చెప్పిన అమెరికా సుప్రీంకోర్టు, కాపీరైట్ ఉల్లంఘనను వస్తువుల దొంగతనంతో నేరుగా సమానం చేయలేమంది. దాన్నే డౌలింగ్ కేసు అంటారు. వస్తువు పోతే యజమాని దగ్గర అది మిగలదు. పాటను కాపీ చేస్తే అసలు ప్రతి యజమాని దగ్గరే ఉంటుంది. ఈ తేడాను ఒప్పుకున్నంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. తన పని ఎవరికి, ఎప్పుడు, ఏ షరతు మీద అందాలో నిర్ణయించుకునే అధికారం ఆ పని చేసినవాళ్ల చేతిలోంచి జారిపోతుంది, రావలసిన ప్రతిఫలమూ దాని వెంటే పోతుంది. నష్టం అక్కడ ఉంది. అందుకని దొంగతనం అనే మాట దగ్గరే ఆగిపోకుండా, మనకు మనం చెప్పుకునే సాకులను నిదానంగా పరీక్షించుకోవాలి.

'నేను ఎలాగూ కొనేవాణ్ని కాదు' అన్నది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది. ఒక్కొక్క డౌన్‌లోడునూ పోయిన అమ్మకంగా లెక్కగట్టడం సరికాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ మాట మీ విషయంలో నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ పాటను మళ్లీ మళ్లీ వింటున్నారా? ఒకసారి విని వదిలేసిన పాటకు ఈ సాకు కొంతవరకు వర్తించవచ్చు. నెలల తరబడి ప్లేలిస్టులో పెట్టుకుని వింటున్న పాటకు వర్తించదు, ఎందుకంటే దానికి విలువ ఉందని మీరే రోజూ నిరూపిస్తున్నారు.

'వాళ్లకు డబ్బుకేం కొదవ' అనేది పోస్టరు మీది ముఖాన్ని చూసి అనే మాట. ఆ పాటలో కోరస్ పాడినవాళ్లు, వయొలిన్ వాయించినవాళ్లు, సౌండ్ ఇంజనీరు, గేయ రచయిత పోస్టరు మీద ఉండరు. వాళ్లలో చాలామందికి అందేది పని జరిగిన రోజున ఇచ్చిన పారితోషికమే, ఆ పాటకు ఆదాయం వస్తేనే తర్వాతి పాటకు వాళ్లను పిలుస్తారు. పైగా, పని చేసినవారు ధనవంతులైతే ప్రతిఫలం ఎగ్గొట్టవచ్చన్న సూత్రాన్ని మన సొంత పనికి ఎవరైనా వర్తింపజేస్తే మనం ఒప్పుకోం.

'డబ్బంతా కంపెనీలే తింటాయి' అన్న సాకులో నిజం పాలు ఎక్కువ. కళాకారులకు అన్యాయం చేసే ఒప్పందాలు ఉన్నాయి, వాటి మీద పోరాటాలూ జరిగాయి. సినిమాల్లో వాడిన పాటల విషయంలో రచయితలు, స్వరకర్తలు రాయల్టీ హక్కును పూర్తిగా వదులుకునేలా ఒప్పందాలు రాయించుకోవడం చెల్లదని భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ అటువంటి పోరాటం ఫలితమే. అయితే కళాకారుడి వాటా తక్కువగా ఉన్నచోట మొత్తాన్నే సున్నా చేస్తే, ఆ తక్కువ వాటా కూడా సున్నా అవుతుంది. మధ్యవర్తి మీద కోపం నిజమైనదైతే దాన్ని తీర్చుకునే దారి వేరే ఉంది: కళాకారులు నేరుగా అమ్ముకునే చోట కొనడం. ఉదాహరణకు బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ పాటల అమ్మకంలో సాధారణంగా 15 శాతం కమిషన్ తీసుకుంటుంది. చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది కళాకారుడికో, ఆయన లేబుల్‌కో చేరుతుంది.

'నా దగ్గర డబ్బు లేదు' అనేవాళ్లను నిందించడం నాకు ఇష్టం ఉండదు. వాళ్లకు చెప్పవలసింది ఒక్కటే, డబ్బు లేకుండా న్యాయంగా వినే దారులు చాలా ఉన్నాయి. ప్రకటనలతో నడిచే ఉచిత స్ట్రీమింగ్, రేడియో, గ్రంథాలయాలు, లేబుళ్ల, కళాకారుల అధికారిక వీడియో చానళ్లు, కళాకారులే ఉచితంగా ఇచ్చే పాటలు ఈ కోవలోకి వస్తాయి. వీడియో చానల్ అధికారికమైనదో కాదో మాత్రం చూసుకోండి. అభిమానుల పేరుతో నడిచే చానళ్లలో ఎవరో ఎక్కించిన కాపీలూ ఉంటాయి.

మీ డబ్బు ఎక్కడికి పోతుందో చూసి వినండి

స్ట్రీమింగ్‌కు నెలనెలా డబ్బు కడుతున్నాం కనుక మన బాధ్యత తీరిపోయిందని అనుకుంటాం. పైరసీతో పోలిస్తే అది ఎంతో మేలైన దారే, అందులో సందేహం లేదు. కానీ పెద్ద సేవల్లో ఎక్కువగా నడిచే పద్ధతిలో, చందాదారులందరి డబ్బూ ఒకచోట కలిపి, మొత్తం వినికిడిలో ఏ పాటకు ఎంత వాటా వచ్చిందో చూసి దాని ప్రకారం పంచుతారు. అంటే ఈ నెలంతా మీరు ఒకే ఒక చిన్న కళాకారిణి పాటలు విన్నా, మీ చందాలో అధిక భాగం మీరు ఎన్నడూ వినని, కోట్లసార్లు మోగిన పాటల వైపు వెళ్లవచ్చు. ఎవరి చందా వాళ్లు విన్నవాళ్లకే చేరాలనే ఆలోచనతో సౌండ్‌క్లౌడ్ అనే స్ట్రీమింగ్ సేవ 2021లో కొందరు కళాకారులకు వేరే పద్ధతి మొదలుపెట్టింది, కానీ అది ఇంకా సర్వసాధారణం కాలేదు.

ఇంకో రెండు లెక్కలు తెలుసుకుంటే మంచిది. స్పాటిఫైలో పాటను కనీసం 30 సెకన్లు వింటేనే అది ఒక స్ట్రీమ్‌గా నమోదవుతుంది. 2024 నుంచి అక్కడ గడచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ రావడం లేదు. అందువల్ల పేరున్న కళాకారుల పాటలు స్ట్రీమింగ్‌లో వింటే చాలు గానీ, మీకు నిజంగా ఇష్టమైన చిన్న కళాకారుల విషయంలో అంతటితో ఆగకండి. ఆల్బమ్ కొనండి, కచేరీకి టికెట్ తీసుకోండి, వాళ్లు నేరుగా విరాళం తీసుకుంటుంటే ఇవ్వండి. చందా మొత్తాన్ని పెంచుకోనక్కర్లేదు. ఏడాదికి రెండు మూడు కొనుగోళ్లు ఆలోచించి చేసినా వాళ్లకు స్ట్రీములకన్నా ఎంతో ఎక్కువ చేరుతుంది.

దాచుకోవాలంటే కొనండి, కాపీ చేసేముందు మూలం చూడండి

స్ట్రీమింగ్ యాప్‌లో డౌన్‌లోడ్ మీట నొక్కి దాచుకున్న పాట మీది కాదు. స్పాటిఫై వంటి సేవలో కనీసం 30 రోజులకొకసారి ఇంటర్నెట్‌కు కలపకపోతే ఆ పాటలు మోగవు, చందా ఆగితే అవీ ఆగిపోతాయి. శాశ్వతంగా ఉండాలనుకున్న పాటను ఫైలుగా కొనుక్కోవాలి. 2003లో యాపిల్ ఐట్యూన్స్ దుకాణం మొదలైనప్పుడు అక్కడ కొన్న పాటలకు కాపీ తాళాలు ఉండేవి. 2009లో వాటిని తీసేశారు. ఇప్పుడు అమ్మే పాటల ఫైళ్లకు చాలావరకు అటువంటి తాళాలు లేవు. తాళం లేదంటే మీరు మీ పరికరాలన్నిటిలో పెట్టుకోవచ్చని అర్థం, ఊరంతటికీ పంచవచ్చని కాదు.

సొంత సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం గురించి దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. జర్మనీ 1965లోనే సొంతానికి కాపీ చేసుకోవడాన్ని అనుమతించి, బదులుగా రికార్డింగ్ పరికరాల మీద రుసుము విధించి హక్కుదారులకు పంచింది. బ్రిటన్ 2014 అక్టోబరులో అటువంటి మినహాయింపు తెచ్చింది, హక్కుదారులకు పరిహారం ఏర్పాటు విషయంలో ఆధారాలు చాలలేదని 2015లో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. నైతికంగా చూస్తే డబ్బిచ్చి కొన్న డిస్కును మీ ఫోన్‌లో వినడం వల్ల ఎవరికీ అన్యాయం జరగదని నా అభిప్రాయం, ఆ డిస్కు మీ దగ్గర ఉన్నంతకాలం. డిస్కు అమ్మేసి కాపీ ఉంచుకుంటే లెక్క మారిపోతుంది. మూలం అక్రమమైనదైతే సొంత వాడకం అన్న మినహాయింపు కూడా నిలవదు; 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇదే తేల్చి చెప్పింది.

టొరెంట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి అది పనిచేసే తీరు తెలియదు. 2001లో వచ్చిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది, వచ్చిన ముక్కలను మీ కంప్యూటర్ అప్పటికప్పుడే వేరేవాళ్లకు పంపడం మొదలుపెడుతుంది. అంటే మీరు దించుకోవడం మాత్రమే చేస్తున్నారని అనుకుంటున్న సమయంలోనే పంపిణీదారుగా కూడా మారిపోతారు. దించుకోవడం కన్నా పంపిణీని చట్టం చాలాచోట్ల తీవ్రంగా చూస్తుంది. టొరెంట్ అనే సాంకేతికత మాత్రం నిర్దోషి. తమ పాటలను స్వయంగా ఆ దారిలో వదిలిన కళాకారులూ ఉన్నారు.

పరిశ్రమ వైపు తప్పులు జరగలేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2005లో సోనీ బీఎంజీ, నిజాయితీగా సీడీలు కొన్నవాళ్ల కంప్యూటర్లలోకే కాపీని అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌ను రహస్యంగా ఎక్కించి, వాటి భద్రతకే చిల్లు పెట్టింది. కొన్నవాళ్లను అనుమానించడం వల్ల కొనని వాళ్లు ఆగలేదు.

ఎక్కడా దొరకని పాట విషయంలో

న్యాయమైన దారిలో వెతికినా దొరకని పాటల దగ్గరే ఈ మొత్తం వ్యవహారం నిజంగా కష్టమవుతుంది. లేబుల్ మూతపడుతుంది, హక్కులు ఎవరికి చేరాయో తెలియదు, ఎవరూ మళ్లీ విడుదల చేయరు. పెద్ద సంస్థ చేతిలో ఉన్నంత మాత్రాన భద్రం అనుకోవడానికీ లేదు. సర్వర్ల మార్పిడిలో ఏళ్ల తరబడి జనం ఎక్కించిన పాటలు పోయాయని మైస్పేస్ అనే సోషల్ మీడియా వెబ్‌సైట్ 2019లో ఒప్పుకుంది. అటువంటప్పుడు ఎవరో ఒక అభిమాని దాచిన కాపీయే మిగిలిన ఆధారం కావచ్చు.

ఇటువంటి పాటకు నేను సూచించే వరస ఇది. మొదట పాత డిస్కులు, క్యాసెట్లు అమ్మేవాళ్ల దగ్గర వెతకండి. పాత డిస్కు కొంటే కళాకారుడికి కొత్తగా ఏమీ అందకపోయినా, ఆ ప్రతికి ఒకసారి మూల్యం చెల్లింది, దాన్ని చేతులు మార్చడం సక్రమమే. తర్వాత గ్రంథాలయాల, శబ్ద భాండాగారాల జాబితాలు చూడండి. హక్కుదారు పేరు దొరికితే, ఈ పాట ఎక్కడ దొరుకుతుందని ఒక ఉత్తరం రాయండి. అడిగేవాళ్లు ఉన్నారని తెలియడమే కొన్నిసార్లు తిరిగి విడుదలకు కారణమవుతుంది. పాట హక్కుల గడువు దాటి పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా అనుమతి లేకుండా వాడుకోగల స్థితిలోకి, వచ్చిందేమో కూడా చూడాలి. రచనకు రచయిత మరణం తర్వాత భారత్‌లో 60 ఏళ్లు, యూరోపియన్ యూనియన్‌లో 70 ఏళ్లు గడువు. రికార్డింగుకు సాధారణంగా ప్రచురణ నుంచి భారత్‌లో 60, యూరోపియన్ యూనియన్‌లో 70. అమెరికాలో 1923కు ముందు విడుదలైన రికార్డింగులన్నీ 2022 జనవరి 1న పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చాయి. రచన గడువు, రికార్డింగ్ గడువు వేర్వేరుగా లెక్కించాలన్నది మరిచిపోకండి. ఇవేవీ ఫలించక, అనుమతి లేని కాపీ ఒకటే దిక్కైతే, దాన్ని వినడం చట్టప్రకారం ఉల్లంఘన కావచ్చునన్న ఎరుకతోనే నిర్ణయం తీసుకోండి. నా దృష్టిలో అది ఆ పాటను మొత్తానికే కోల్పోవడం కన్నా చిన్న తప్పు, ఒక షరతు మీద: దాన్ని ఎవరికీ అమ్మకూడదు, ఎక్కడా ఎక్కించకూడదు, న్యాయమైన ప్రతి వచ్చిన రోజున కొనాలి.

మీ వీడియోలో వాడుకోవాలంటే

వినడం ఒకటి, వాడుకోవడం ఇంకొకటి. చందా కట్టి వింటున్న పాటను మీ వీడియో వెనక పెట్టే హక్కు ఆ చందాతో రాదు. దానికి రెండు అనుమతులు కావాలి: రచనను దృశ్యంతో జోడించడానికి ఒకటి, ఆ రికార్డింగును వాడుకోవడానికి ఇంకొకటి. పాటను మీరే పాడి పెడితే రెండోది అక్కర్లేదు గానీ మొదటిది కావాలి. సోషల్ మీడియా యాప్‌లోని పాటల జాబితా నుంచి తీసుకున్న పాట సాధారణంగా ఆ యాప్ వరకే, వ్యక్తిగత వాడకం వరకే చెల్లుతుంది. అదే వీడియోను దించి వేరేచోట పెట్టినా, వ్యాపార ప్రకటనకు వాడినా ఆ అనుమతి వెంట రాదు.

పది సెకన్ల లోపైతే ఫరవాలేదని, ముప్పై సెకన్ల దాకా ఉచితమని ప్రచారంలో ఉన్న నియమాలకు ఆధారం లేదు. కొన్ని సందర్భాల్లో అనుమతి లేకుండానే వాడుకోనిచ్చే అమెరికాలోని ఫెయిర్ యూజ్ సూత్రం వాడుక ఉద్దేశం, రచన స్వభావం, తీసుకున్న భాగం, మార్కెట్ మీద ప్రభావం అనే నాలుగు అంశాలను కలిపి చూస్తుంది. సెకన్ల లెక్క అందులో లేదు. వీడియో కింద 'ఉల్లంఘించే ఉద్దేశం లేదు' అని రాసినా, హక్కుదారుకు కృతజ్ఞతలు చెప్పినా అది అనుమతి కాదు. పేరు చెప్పడం తప్పనిసరే, కానీ దానితోనే సరిపోదు.

తేలికైన దారి క్రియేటివ్ కామన్స్ సంగీతం. 2002లో మొదటిసారి వచ్చిన ఈ లైసెన్సులతో కళాకారులే ముందుగా అనుమతి ఇచ్చేస్తారు, షరతులు చదువుకుంటే చాలు. 'బై' అంటే పేరు చెప్పాలి. 'ఎన్‌సీ' అంటే వ్యాపారానికి వాడకూడదు. 'ఎస్‌ఏ' అంటే మీరు తయారుచేసినదాన్ని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. 'ఎన్‌డీ' అంటే మార్పులు చేసినది పంచకూడదు. చాలామంది పొరబడేది ఈ చివరి దాని దగ్గర: పాటలో ఒక్క స్వరం మార్చకపోయినా, దాన్ని కదిలే దృశ్యంతో జోడించడాన్నే ఈ లైసెన్సులు మార్పుగా పరిగణిస్తాయి. కాబట్టి 'ఎన్‌డీ' ఉన్న పాట వీడియోకు పనికిరాదు.

వేరే పాట కావాలంటే అడగడమే మార్గం. ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు గానీ కచ్చితంగా ఉండాలి. 'మీరు స్వరపరిచిన ఫలానా పాటలో రెండో చరణాన్ని, సుమారు నలభై సెకన్లు, నేను తీస్తున్న పదిహేను నిమిషాల డాక్యుమెంటరీలో వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాను. చిత్రం ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంటుంది, ప్రకటనల ఆదాయం ఉండదు. మీ పేరు, గాయని పేరు, గేయ రచయిత పేరు చివర వేస్తాను. రికార్డింగ్ హక్కులు వేరొకరివైతే వారి వివరాలు తెలియజేయగలరు.' ఈ నాలుగు వాక్యాల్లో ఏ భాగం, ఎంతసేపు, ఎక్కడ, డబ్బు సంగతి, పేర్లు అన్నీ వచ్చేశాయి. జవాబు రాకపోతే దాన్ని అంగీకారంగా భావించకండి.

మనిషి గొంతును అనుకరించే కృత్రిమ మేధ పరికరాల విషయంలోనూ ఇదే పద్ధతి. ఒక గాయకుడి గొంతుతో ఆయన పాడని పాటను తయారుచేసే ముందు ఆయన ఒప్పుకున్నారా అని అడగాలి. చట్టాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అమెరికాలోని టెనసీ రాష్ట్రం 2024లో గొంతుకు కూడా చట్టపరమైన రక్షణ కల్పించింది. చట్టం ఇంకా రానిచోట కూడా ఒకరి గొంతును వాళ్లకు తెలియకుండా పాడించడం నాకు సమ్మతం కాదు.

పంచుకునేటప్పుడు

పాట నచ్చితే ఫైలు కాకుండా లింకు పంపండి. లింకు తెరిచి విన్నప్పుడు ఆ వినికిడి హక్కుదారుల లెక్కలోకి వెళ్తుంది, వివరాల పేజీలో పేర్లూ ఉంటాయి. లింకుతో పాటు రాసింది ఎవరో, స్వరపరిచింది ఎవరో ఒక వరసలో రాస్తే మరీ మంచిది. ఎవరైనా గ్రూపులో ఆల్బమ్ మొత్తం ఫోల్డరుగా పెడితే, నలుగురిలో వాళ్లను తప్పుపట్టే బదులు అదే ఆల్బమ్ అధికారిక లింకును కింద పెట్టండి. చాలామంది అలవాటుగా చేస్తారు, దురుద్దేశంతో కాదు. తేలికైన దారి కనిపిస్తే అటే వస్తారు.

మీ పాటే దొంగల పాలైతే

మీరే పాటలు చేసేవారైతే, విడుదలకు ముందే చేయవలసినవి ఉన్నాయి. ఫైలులో పేర్లన్నీ నింపండి, రికార్డింగును గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య తీసుకోండి, కలిసి పనిచేసినవాళ్లతో వాటాలు కాగితం మీద రాసుకోండి. సొంత పాటల పంపకాల గొడవలు పైరసీకన్నా ఎక్కువ స్నేహాలను చెడగొట్టాయి. మీ పాట అనుమతి లేకుండా ఎక్కడైనా కనిపిస్తే, పేజీ చిరునామాతో, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ వేదికలోని కాపీరైట్ ఫిర్యాదు పత్రం నింపండి. 1998 నాటి అమెరికా డీఎంసీఏ చట్టం కింద అటువంటి నోటీసు అందాక వెంటనే తొలగిస్తేనే వేదికకు రక్షణ ఉంటుంది, కనుక పెద్ద వేదికలు త్వరగానే స్పందిస్తాయి. పెట్టినవారు ఎదురు నోటీసు ఇస్తే, మీరు దావా వేయనిపక్షంలో 10 నుంచి 14 పనిదినాల్లో దాన్ని తిరిగి పెట్టవచ్చు.

నోటీసు పంపే ముందు ఆ హక్కు నిజంగా మీదేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ప్రపంచమంతా పాడుకునే 'హ్యాపీ బర్త్‌డే' పాట సాహిత్యం మీద తనకు చెల్లుబాటయ్యే హక్కు లేదని 2015లో అమెరికా కోర్టు చెప్పేదాకా ఒక పెద్ద ప్రచురణ సంస్థ దానికి రుసుములు వసూలు చేస్తూనే ఉంది, 2016లో 1.4 కోట్ల డాలర్లతో ఆ వివాదం పరిష్కారమైంది. అవతలివారి వాడుక న్యాయమైనదేమో కూడా ఆలోచించాలి. ఒక తల్లి తన పసివాడు పాటకు చిందులేస్తుండగా తీసిన 29 సెకన్ల వీడియోను తొలగించమని ఒక సంస్థ నోటీసు పంపిన వ్యవహారంలో, నోటీసు పంపేముందు ఫెయిర్ యూజ్ సంగతి పరిశీలించి తీరాలని 2015లో అమెరికా అప్పీళ్ల కోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఎవరో పెట్టిన వీడియోలో మీ పాట వినిపించగానే మీట నొక్కేయకుండా, దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూడండి. పాటను పాటగా పంచిపెడుతుంటే నోటీసు పంపండి, దాని మీద విమర్శో విశ్లేషణో చేస్తుంటే వదిలేయండి, వెనక ఎక్కడో యాదృచ్ఛికంగా మోగుతుంటే కింద మీ పాట అసలు లింకు పెట్టి ఊరుకోండి.